ఏడో గడి: కనబడిన చేపల సంఖ్య

మా వూళ్లో నెలకొకసారి సర్కారు మనిషి వచ్చి ఆరోగ్యం విచారించిన ప్రాణులు ఒకే రకం. అవి చేపలు. మనుషులకు ఆ భాగ్యం లేదు. దగ్గరి ఆసుపత్రి మార్కాపురంలో, నాలుగున్నర మైళ్లు. నేను పుట్టినది మొదలు ఇరవై ఏళ్లు వచ్చేదాకా మా పేటలో కాలు పెట్టిన వైద్యుడు ఒక్కడే. ఆయన కూడా దారి తప్పి వచ్చాడు. మంచినీళ్లు అడిగి తాగి, మార్కాపురం ఎటని అడిగి వెళ్లిపోయాడు. పశువుల డాక్టరు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ మునసబు గారి గేదెల కోసమే. చేపల ఆఫీసరు మాత్రం ఐదు నెలల్లో ఐదుసార్లు వచ్చాడు.

ఈ లెక్కలు జ్ఞాపకం మీద రాయడం లేదు. అప్పట్లో నేను మిషను బడిలో పంతులమ్మను. పాత హాజరు పట్టీ వెనక పేజీల్లో అన్నిటికీ నకలు రాసుకున్నాను. చెదలు కొన్ని పేజీలు తిన్నాయి కానీ అంకెల జోలికి రాలేదు.

మా నాయన చెరువుకు నీరుగంటి. తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంత నీరు పారాలో చూడటం ఆయన పని. అందుకు గాను చెరువు కింద ఎకరం డెబ్బై సెంట్ల మాన్యం మా చేతిలో ఉండేది. పని ఉన్నంతకాలం నేల ఉంటుంది, పని పోతే నేల కూడా పోతుంది. ఇంట్లో ఏడుగురం ఆ నేల మీద పండిన గింజలే తినేవాళ్లం. నా పంతులమ్మ జీతం సంగతి రాస్తే బడి పరువు పోతుంది కాబట్టి రాయను.

యుద్ధం ఇంకా ముగియని ఆ సంవత్సరం, తిండి కొరతకు విరుగుడుగా వూరి చెరువుల్లో చేపలు పెంచాలని పైవాళ్లకు తోచింది. చెరువు పక్కన ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతున ఒక గుంట తవ్వించారు. పిల్లచేపలు అందులో జానెడు పొడవు పెరిగాక చెరువులోకి వదలాలట. గుంట గట్లు జారకుండా నాలుగు పక్కలా పలకరాయి పరిచారు. నా బడిలో ముగ్గురు పిల్లలకు ఒక పలక. చేపలకు నిలువెత్తున పలకలే.

చేపల కాపలా నీరుగంటిదేనని ఒక ఒప్పందం కాగితం రాశారు. చివరన ఒక షరతు ఉంది: ఫిబ్రవరి తనిఖీ నాటికి మూడు వందల చేపల్లో సగమైనా బతికి ఉండకపోతే నీరుగంటిని మార్చవలెను. ఆ షరతు చేపల ఆఫీసు నుంచి రాలేదు. మునసబు గారు తన సొంత దస్తూరీతో చేర్చారు. ఆయన గేదెల కొట్టం మా మాన్యాన్ని ఆనుకునే ఉంది. గేదెలకు ఇంకా కొంచెం చోటు కావాలని ఆయన చాలా ఏళ్లుగా అనుకుంటున్నారు. నాయన వేలిముద్ర వేశాడు. వేయనంటే ఏమయ్యేదో అడిగే అలవాటు మా పేటలో లేదు.

సెప్టెంబరు పన్నెండో తేదీ, మంగళవారం, చేపపిల్లలు రైల్లో వచ్చాయి. మాకు దగ్గరి స్టేషన్లు మార్కాపురం రోడ్డు, కంభం ఉండగా వాటిని కురిచేడులో దించారు. పటంలో కురిచేడు దగ్గరగా కనబడిందట. నాయనా నేనూ ముందురోజే బండి కట్టుకుని వెళ్లాం. రైల్లోంచి ఆరు మట్టి బానలు, ఒక బంట్రోతు దిగారు. బంట్రోతు మోచేతి దాకా బానలో చెయ్యి పెట్టి నీళ్లు కలుపుతూనే దిగాడు.

"నీళ్లు నిద్ర పోకూడదమ్మా," అన్నాడు నాతో. "నీళ్లు ఆగాయంటే పిల్లలకు ఊపిరాడదు. రైలెక్కిన దగ్గర్నుంచీ కలుపుతూనే ఉన్నాను. ఈ చెయ్యి నాదేనా అని అనుమానం వస్తోంది."

నాయన బానలను గడ్డిలో కుదురుగా పెట్టి, "ఇంక నీ చేతికి సెలవియ్యి నాయనా," అన్నాడు. "మా బాట ఎక్కినాక నీళ్లను నిద్ర పొమ్మన్నా పోవు."

నిజంగానే పోలేదు. ఆ బాట మీద మా పేట ఆడవాళ్లు ఇద్దరు బండిలోనే ప్రసవించారు, ఎముక విరిగి ఆసుపత్రికి బయల్దేరిన ఒక ముసలాయనకు విరగని ఎముక కూడా విరిగింది. ఆ బాట వల్ల మేలు పొందినవి నాకు తెలిసి చేపపిల్లలే. అంత కుదుపులో వాటికి ఊపిరి బాగా ఆడింది. బంట్రోతుకే వాంతులయ్యాయి.

పొద్దు వాలేసరికి గుంట దగ్గరికి చేరాం. నేను కొబ్బరి చిప్పతో పిల్లల్ని ఎంచి ఎంచి గుంటలో వదిలాను. ప్రాణంతో ఉన్నవి 276. బానల అడుగున తెల్లగా తేలినవి 24.

బంట్రోతు తల గోక్కున్నాడు. "మూడు వందలని రాయమ్మా."

"రెండు వందల డెబ్బై ఆరే గదా వదిలింది."

"చచ్చినవి కూడా సర్కారువే కదమ్మా. వాటిని వేరు చేయడం దేనికి?"

నాయన గట్టు మీద కూచుని కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆయనకు అక్షరం రాదు. "చూసింది రాయి పాపా," అన్నాడు. "చూడంది రాస్తే రేపు మనమే మర్సిపోతాం."

నేను 276 అని రాసి కింద బంట్రోతు చేత సంతకం పెట్టించాను. అతను పూర్తిగా అలిసిపోయి ఉన్నాడు, లేకపోతే పెట్టేవాడు కాదు. తడి చేతి మరక ఆ పేజీ మీద ఇప్పటికీ ఉంది.

ఆరోగ్య పట్టిక వచ్చింది ఆ తర్వాత వారం. ప్రతి సోమవారం నింపాలి. నింపడానికి చదువు కావాలి, కరణం గారికి తీరిక లేదు, కాబట్టి అది నాకు వచ్చింది. ఎనిమిది గడులు. చేపల ఆకలి ఎట్లా ఉంది, చురుకుదనం ఎట్లా ఉంది, పొలుసు మీద మచ్చలున్నాయా, రెక్కలు చినిగాయా అని వరసగా అడిగేవారు. ఏడో గడి, కనబడిన చేపల సంఖ్య. ఎనిమిదో గడి రిమార్కులు. దాని కింద సన్నని అక్షరాల్లో, ఈ గడి అధికారులకు మాత్రమే అని ఉండేది.

చేపలకు వారానికి నాలుగు శేర్ల తవుడు, పొదిలి నుంచి వేరుశనగ చెక్క. తవుడు జల్లించి వేయాలని ఆజ్ఞ. మా అమ్మ జల్లెడ పట్టేటప్పుడు, "ఇంత మెత్తగా మనమెప్పుడు తిన్నామే?" అనేది. ఒకసారి మిగిలిపోయిన పట్టిక కాగితం మీద నా బడి పిల్లల్ని రాసి చూశాను. మొత్తం నలభై మూడు. చురుకుదనం: మధ్యాహ్నం దాకా ఉంది. ఆకలి: ఉంది. పొలుసు: పదకొండు మందికి గజ్జి. కనబడిన సంఖ్య: కోతల రోజుల్లో తొమ్మిది. ఆ కాగితం ఎక్కడికీ పంపలేదు. పంపితే బంట్రోతును తోలి పిల్లల మధ్య నీళ్లు కలపమంటారని అమ్మ అంది.

ఏడో గడిలో మొదటి నాలుగు సోమవారాలూ సున్న రాశాను. మా నేల ఎర్రది, నీళ్లు కూడా ఇటుక రంగులో ఉంటాయి. అందులో చెయ్యి ముంచితే మణికట్టు కనబడదు, చేపెట్లా కనబడుతుంది? తవుడు చల్లితే నీటి మీద బుడగలు లేచేవి. బుడగలకు గడి లేదు.

నాలుగు సున్నలు చూసి అక్టోబరులో ఆఫీసరు స్వయంగా వచ్చాడు. చిన్న వయసువాడు, పెద్ద టోపీ. గట్టు మీద వంగి చాలాసేపు చూశాడు.

"చేపలేవయ్యా?"

"నీళ్లల్లో ఉండాయి దొరా," అన్నాడు నాయన.

"కనబడవేం?"

"నీళ్లు ఎర్రగుండాయి గదా దొరా. మా వూరి నీళ్లు అట్లనే ఉంటాయి."

"ఈ మురికిలో వాటి ఆరోగ్యం ఎలా ఉంటుంది? రోగాలు రావూ?"

"మేం తాగేది గూడా ఇవే నీళ్లు దొరా."

"మీ సంగతి వేరే శాఖ చూసుకుంటుంది," అన్నాడు ఆఫీసరు. ఎగతాళికి కాదు, ఓపికగా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. తర్వాత అక్కడే కూచుని ఆర్డరు రాశాడు. నీరు అడుగు కనబడునంత స్వచ్ఛముగా ఉండవలెను, చేపలు లెక్కకు అందవలెను. నేను దాన్ని పేటలో అందరికీ రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి ఎవరూ అడగలేదు.

స్వచ్ఛమైన నీళ్లంటే మాకు తెలిసిన దారి ఒక్కటే, చిల్లగింజ. గరుకు రాయి మీద ఆ గింజను అరగదీసి బిందె నీళ్లలో కలిపితే, పూటలో బురద అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. మా ఇళ్లలో ఉప్పు లేని రోజు ఉంటుంది కానీ చిల్లగింజ లేని రోజు ఉండదు. ఆ గింజలు ఏడాదికి రెండుసార్లు నల్లమల నుంచి ఒక చెంచు అవ్వ తేనెతో పాటు తెచ్చి అమ్మేది. ఆమెకు కబురు పెట్టి రెండు చేటల గింజలు తెప్పించాం.

"ఏంది తమ్ముడా," అంది అవ్వ నాయనతో, చేటలు దించుతూ. "ఇన్ని గింజలు ఏ పెండ్లికి?"

"పెండ్లి గాదు లే, సర్కారు పని," అన్నాడు నాయన. అవ్వ సర్కారు పని గురించి ఇంకేమీ అడిగే మనిషి కాదు. గింజలిచ్చి కొండెక్కింది.

పేట ఆడవాళ్లు ఇరవై ఇద్దరు గుంట గట్టున వరసగా కూచుని గట్టు పలకల మీదే గింజలు అరగదీశారు. రెండు పగళ్లు పట్టింది. మూడోనాటికి ఎర్రదనమంతా అడుగుకు దిగింది. నాలుగడుగుల లోతున పలకరాయి గీతలు కూడా కనబడ్డాయి. చేపలన్నీ వేలెడు పొడవున, వెండి ముక్కల్లా తిరుగుతున్నాయి. చూడటానికి వూరంతా వచ్చింది. మునసబు గారు చేతికర్రతో గుంట చుట్టూ మూడుసార్లు నడిచారు. నేను తవుడు చల్లి మూడుసార్లు ఎంచాను. మూడింటిలో తక్కువదాన్ని రాయడం నా పద్ధతి. ఏడో గడిలో 261 రాసినప్పుడు నాకు కలిగిన సంతోషం బడి పిల్లలు పరీక్ష గట్టెక్కినప్పుడు కూడా కలగలేదు.

నవంబరులో ఆఫీసరు చూసి మురిసిపోయాడు. ఇది నమూనా గుంట అన్నాడు. అప్పటికి గట్టు మీద ఆరు కొంగలున్నాయి. వాటికీ నమూనాగానే తోచినట్టుంది.

ఎర్ర నీళ్లలో కొంగకు చేప కనబడదు. తేట నీళ్లలో మాకు కనబడింది దానికీ కనబడింది. కొంగల వెనక నీటికాకులు వచ్చాయి, లకుముకిపిట్టలు వచ్చాయి. నవంబరు ఇరవైన 240. డిసెంబరు పదకొండున 212. నాయన పొద్దు పొడవక ముందే వెళ్లి కిరసనాయిలు డబ్బా వాయించేవాడు. మొదటి వారం పిట్టలు లేచిపోయాయి. రెండో వారం ఆయన చెయ్యి నొప్పి పుట్టి ఎప్పుడు ఆపుతాడో వాటికి తెలిసిపోయింది. డిసెంబరు తనిఖీలో ఆఫీసరు పక్షులను బెదిరించడానికి ఎర్ర జెండాలు పాతమన్నాడు. లకుముకిపిట్ట జెండా కర్ర మీద కూచుంది. అంతకు ముందు దానికి కూచోవడానికి సరైన చోటు లేదు.

పక్షుల సంగతి ఒకటే కాదు. చేపలు నీరసించాయి. తెల్లారి నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచేవి. మురికిలో వాటికి దొరికే సన్నటి మేత ఏదో నీళ్లు తేరడంతో పోయింది. నేను మాత్రం ఆకలి గడిలో ఉంది అని రాశాను, ఎందుకంటే ఉంది.

జనవరి తనిఖీకి వచ్చిన ఆఫీసరు జెండాల సంఖ్య పెంచమని చెప్పి వెళ్లాడు. ఆ మరునాడు, నాలుగో తేదీన, 189. నాయన గుంట చుట్టూ ఉన్న ముళ్లకంచె దగ్గర నిలబడి చెప్పాడు.

"బర్రెల్ని దింపుతా పాపా. నీళ్లు మళ్లీ ఎర్రగా చేస్తా."

"స్వచ్ఛముగా ఉండవలెను అని కాగితంలో ఉంది నాయనా."

"ఆ కాగితం కొంగకు సదివి ఇనిపించినావా?"

"నీళ్లు చెడగొట్టినావని మాన్యం తీసేస్తారు."

"చేపలు సస్తే గూడా తీసేస్తారు. ఏ దావన పోయినా తీసేసేటప్పుడు, బతికేటియ్యన్నా బతకనియ్యి."

నేను ఒప్పుకోలేదు. రాసి ఉన్న మాటను కాదనడం నాకు చేతకాదు. ఆయనకు చదువు లేదనే మాట పైకి అనలేదు గానీ, అన్నట్టే నిలబడ్డాను. నాయన తూము తాళం నడుముకు దోపుకుని వెళ్లి డబ్బా వాయించడం మొదలుపెట్టాడు. అట్లా పదకొండు రోజులు నేను పట్టిన పట్టు విడవలేదు. జనవరి పదిహేను, సోమవారం, 158. ఆ పదకొండు రోజుల్లో పోయినవి ముప్పై ఒకటి. ఇంకా తొమ్మిది పోతే మూడు వందల్లో సగానికి లోపల పడతాం, ఎకరం డెబ్బై సెంట్లు మునసబు గారి కొట్టంలో కలుస్తుంది.

చెంచు అవ్వ ఆరోజే తేనె అమ్ముకుంటూ వచ్చింది. గుంటలోకి చూసి, నా చేతిలోని పట్టిక చూసి, ఇదంతా తన గింజల పనేనని అప్పుడు తెలుసుకుంది. గట్టు మీద కూచుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"చేపలు తాగేదానికి నీళ్లు తేర్చినారా పాపా?"

"తాగేదానికి కాదవ్వా. లెక్క పెట్టేదానికి."

"చేపకు బురదే గుడ్డ. ఆ గుడ్డ ఇప్పదీసి ఎండలో నిలబెట్టి ఎన్నున్నాయని ఎంచుతాండావు. నీ సదువు సల్లగుండ, ఎన్నుండాయి?"

"నూట యాభై ఎనిమిది."

"సాయంత్రానికి నూట యాభై ఆరు," అంది అవ్వ, కొంగల వంక చూసి.

నేను నాయన దగ్గరికి వెళ్లి, బర్రెల్ని దింపమన్నాను. ఆయన ముళ్లకంచె ఒక పక్క లాగి, మునసబు గారి మందలో నాలుగింటిని దారి మళ్లించాడు. వాటికి ఇంకొకసారి చెప్పవలసిన అవసరం లేదు. మూడు రోజుల్లో గుంట ఇటుక రంగుకు వచ్చింది, వారంలో ఆ ఎరుపులో పాచి పచ్చదనం కూడా కలిసింది. కొంగలు రెండు రోజులు ఒంటికాలి మీద నిలబడి ఆలోచించి వెళ్లిపోయాయి. సందెవేళ నీళ్లలో గుబుక్ గుబుక్‌మని చప్పుడు వినబడేది. చప్పుడు రోజురోజుకూ బరువెక్కుతోందని నాయన అన్నాడు. చప్పుడుకు కూడా గడి లేదు. ఏడో గడిలో వరసగా నాలుగు సోమవారాలు సున్న రాశాను. నాయన ఏం రాసినావని ప్రతిసారీ అడిగేవాడు. సున్న అంటే తల ఊపేవాడు. ఆ సున్నలే ఆయన మెడకు చుట్టుకుంటాయని ఇద్దరికీ తెలుసు.

ఫిబ్రవరి తనిఖీ నెల నడిమి మంగళవారం. ఆఫీసరు టోపీతో వచ్చాడు, మునసబు గారు ఒప్పందం కాగితంతో వచ్చారు. గుంటలో నాలుగు గేదెలు ముక్కుల దాకా మునిగి ఉన్నాయి. ఆఫీసరు పట్టికలు తిరగేశాడు.

"నూట యాభై ఎనిమిది. సున్న, సున్న, సున్న, సున్న. అన్నీ పోయాయన్నమాట."

"పోలేదు దొరా, కనబడలేదు," అన్నాడు నాయన.

"కనబడనివి ఉన్నాయని ఎలా రాయను?"

"నీళ్లు తోడిస్తే తేలిపోతుంది గదా," అన్నారు మునసబు గారు. "ఏరా, తోడిస్తావా?"

"తోడితే అడుగు బురదలో గిలగిల కొట్టుకొని సస్తాయయ్యా. లెక్క బాగా కుదుర్తాది. చేపలే మిగలవు."

"నీ మాన్యం కోసం నీళ్లు తోడనంటావు, చేపల మీద ప్రేమంటావు."

"మాన్యం కోసమైతే తోడేవాణ్నే గదయ్యా," అన్నాడు నాయన.

ఆయన అంత మాట మునసబు గారితో అనడం నేను అదొక్కసారే విన్నాను. ఆఫీసరు ఇద్దరి మొహాలూ చూశాడు. వల వేసి పడదామంటే మా మెట్ట వూళ్లో వల లేదు. ఆఫీసు వల కర్నూల్లో ఉంది, దానికి అర్జీ పెట్టాలి. లెక్క ఈరోజే రాయాలి. అప్పుడు, చేపలు ఎన్ని మిగిలాయో చూద్దామని కొండ దిగి వచ్చి అమ్మ దగ్గర మజ్జిగ తాగుతున్న చెంచు అవ్వ గట్టెక్కి వచ్చింది.

"మంగకాయ దంచి ఏస్తే సరి దొరా," అంది. "మా వాగుల్లో అట్లనే పడతాం. కొంచెం ఏస్తే మత్తెక్కి పైకి తేల్తాయి. ఎంచుకోండి. మంచినీళ్లు తగిల్తే మళ్లీ లేస్తాయి."

"చనిపోవా?"

"నీళ్లు బిన్నా తగిల్తే సావవు. ఆలస్యమైతే కూరకు బాగుంటాయి."

ఆఫీసరు తన సంచిలోని నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. చేపలకు మత్తు ఇవ్వరాదని ఎక్కడా లేదు. కాబట్టి ఇవ్వవచ్చు అని తేల్చాడు. ఆరోగ్యంగా ఉన్నాయని రుజువు చేయడానికి వాటిని ముందు మూర్ఛపోగొట్టాలని ఆ విధంగా నిర్ణయమైంది.

నాయన గేదెలను బయటికి తోలి, చెరువు తూము ఒక జానెడు ఎత్తి, పిల్లకాలవలోకి కొత్త నీళ్లు పారించాడు. చేపలు కొట్టుకుపోకుండా కాలవకు అడ్డంగా కంప నాటాడు. "అవ్వా, నువ్వేసేదాంట్లో సగమే ఎయ్యి," అన్నాడు. అవ్వ తన బుట్టలోని కాయలు దంచి, ఆయన అన్నట్టే సగం వేసింది. మేమంతా గట్టు మీద నిలబడ్డాం. నేను నా మనసులో మూడు వందల దాకా అంకెలు లెక్కపెట్టాను. ఏమీ జరగలేదు. మునసబు గారు కాగితం మడత విప్పారు.

నాలుగు వందల పదహారు దగ్గర మొదటి చేప తెల్లటి పొట్ట చూపిస్తూ తేలింది. తర్వాత రెండు, ఆ తర్వాత గంపెడు. జానెడు పొడవు, అరచేతి వెడల్పు. గేదెలు కలిపిన నీళ్లు వాటికి ఏం పెట్టాయో గానీ, నెల రోజుల్లో రెట్టింపు అయ్యాయి. నాయనా, అమ్మా, అవ్వా గంపలతో ఎత్తి కాలవలో వేస్తుంటే నేను ఎంచాను. చివరిది గట్టు మూల పలక కింద ఇరుక్కుని ఉంది. దాన్ని కూడా చూసుకుని చెప్పాను.

"నూట నలభై ఏడు."

"నూట యాభైకి మూడు తక్కువ," అన్నారు మునసబు గారు. ఆయన లెక్కల్లో తప్పు పట్టలేం.

నాయన కాలవ గట్టున కూలబడి, చేపలను ఒక్కొక్కటిగా పారే నీళ్లకు ఎదురుగా పట్టుకుంటున్నాడు. మా వైపు చూడలేదు.

నేను బడికి పరుగెత్తి హాజరు పట్టీ తెచ్చాను. "వచ్చింది మూడు వందలు కాదు. రెండు వందల డెబ్బై ఆరు. సగం నూట ముప్పై ఎనిమిది. తొమ్మిది ఎక్కువే ఉన్నాయి."

"ఒప్పందంలో మూడు వందలని ఉంది పంతులమ్మా," అన్నారు మునసబు గారు.

"బానల్లో చచ్చి వచ్చినవి ఇరవై నాలుగు. మీ బంట్రోతు సంతకం," అని పేజీ ఆఫీసరుకు చూపించాను.

ఆఫీసరు తడి మరకను వేలితో తడిమి చూశాడు. ఆయన మొహం రంగు గుంట నీళ్ల రంగుకు వచ్చింది. ఆయన ఆఫీసు పంపిన పిల్లల్లో దారిలో చచ్చినవి సున్న అని సెప్టెంబరులోనే పైకి రాసి ఉంటాడు.

"దీనికి నకలు ఎక్కడికైనా పంపావా అమ్మా?"

"ఎవరూ అడగలేదు. అడిగితే పంపుతాను."

"అక్కర్లేదు," అన్నాడు గబుక్కున. చాలాసేపు కలం కొరికాడు. "మూడు వందలు వచ్చినవి, మూడు వందలూ క్షేమము అని రాద్దాం. నువ్వు కింద సంతకం పెట్టు."

మాన్యం నిలుస్తుంది, సంతకం ఒక్కటే కావాలి. నేను నాయన వైపు చూశాను. ఆయన మోకాళ్ల దాకా నీళ్లలో ఉండి, తల ఎత్తకుండానే అన్నాడు, "చూసింది రాయి పాపా."

"ఏడో గడి నాది," అన్నాను ఆఫీసరుతో. "అందులో నూట నలభై ఏడే రాస్తాను. ఎనిమిదో గడి మీది. అందులో మీ ఇష్టం."

ఆయన అర్థం చేసుకున్నాడు. చిన్నవాడైనా పైకి వస్తాడని నాకు అప్పుడే అనిపించింది. ఎనిమిదో గడిలో గుండ్రటి అక్షరాలతో ఇట్లా రాశాడు: మిగిలిన నూట యాభై మూడు చేపలు తనిఖీ సమయమున కనబడలేదు. కనబడకపోవుట చేపల సహజ గుణము. ఆరోగ్యము తృప్తికరము.

"తేలింది నూట నలభై ఏడే గదండీ," అన్నారు మునసబు గారు.

"తేలనివి తేలలేదు. మునిగి ఉన్నాయంటే బాగున్నట్టే," అన్నాడు ఆఫీసరు. తర్వాత అరచేయంత ఉన్న చేపను ఒకసారి చూసి, ఇంకో వాక్యం చేర్చాడు. నీటి రంగు అనుకూలము, మునసబు గారు తమ గేదెలు నాలుగింటిని ప్రతిదినము గుంటకు పంపుచుండవలెను. మునసబు గారు ఒప్పందం కాగితాన్ని మళ్లీ మడత పెట్టారు. మునుపటి మడతల్లో అది కుదరలేదు.

పొద్దు వాలేలోగా కాలవలో 139 చేపలు తోక ఆడించాయి. నాయన వాటిని చెరువులోకి వదిలాడు. ఎనిమిది లేవలేదు. వాటిని చచ్చినట్టు రాయడానికి వీల్లేదు, ఎందుకంటే సర్కారు లెక్కలో అన్నీ క్షేమం. క్షేమంగా ఉన్న చేపలను వండుకున్నా నేరమే. ఈ చిక్కు విని చెంచు అవ్వ నాలుగు చేపలను ఆకులో చుట్టుకుని కొండదారి పట్టింది. మిగిలిన నాలుగింటిని అమ్మ పులుసు పెట్టింది.

నాయన తూము దించి వచ్చి, తాళం గుంజకు తగిలించి, కంచం ముందు కూచున్నాడు. ఆ తాళం అదే గుంజకు మరో పద్నాలుగేళ్లు వేలాడింది. మొదటి ముద్ద కలుపుతూ అడిగాడు.

"పదకొండు దినాల్లో కొంగలు తిన్న ముప్పై ఒకటి ఏ గడిలో రాసినావు?"

ఆ లెక్క ఆయనకు ఎట్లా తెలుసో నాకు తెలియదు. నేను ఎప్పుడూ ఆయనకు చెప్పలేదు.

"దానికి గడి లేదు నాయనా."

"అట్లయితే ఇంగో గంటె పులుసు పొయ్యి," అన్నాడు.

మరునాడు పొద్దున్నే బడికి వెళ్లే ముందు మునసబు గారి కొట్టం దగ్గర ఆగి, ఆర్డరు ప్రకారం నాలుగు గేదెలను అడిగి, నేనే గుంటకు తోలుకొచ్చాను. కొత్త పిల్లచేపలు వచ్చేదాకా గుంట ఖాళీ అని నాకు తెలుసు. అయినా ఆర్డరులో ప్రతిదినము అని ఉంది.